చిన్న లేతునకు తగిన పట్టులు

చేతిపనివానికి పనిముట్టు ఎంత ముఖ్యమో, ఆ పనిముట్టును కదలనీయక నిలిపి యుంచెడి పట్టును అంత ముఖ్యము. కొడవలి ఎంత పదునైనదైనను పిడి సడలినచో కోత సాగదు. నాగటి మేడి వదులైనచో చాలు తిన్నగా రాదు. లేతు యంత్రము విషయమునను ఇంతే. ఇనుమును కోయునది టూలు. ఆ టూలును గట్టిగా, సరియైన ఎత్తున పట్టియుంచునది టూలు హోల్డరు. ఈ హోల్డర్లను, మరికొన్ని ఉపకరణములను పనివాడు తన చిన్న లేతు మీదనే తానే ఎట్లు తయారు చేసికొనవచ్చునో ఈ పాఠమున వివరింపదలచినాము.

నేడు బల్లపై అమర్చుకొనదగిన చిన్న లేతులు విరివిగా లభించుచున్నవి. వీనిలో ఎక్కువ వాడుకలోనున్న రకమున బెడ్డు నుండి స్పిండిలు మధ్యకు ఎత్తు సుమారు 90 మి.మీ. ఉండును. అనగా 180 మి.మీ. వ్యాసము వరకు గల వస్తువు బెడ్డుపైన తిరుగగలదు. రెండు సెంటర్ల నడుమ 300 నుండి 350 మి.మీ. వరకు నిడివి ఉండును. ఇద్దరు మనుష్యులు దీనిని ఎత్తి బల్లపై పెట్టగలరు. ఇంటి కరెంటుతోనే ఇది నడచును. పంపుల మరమ్మతు చేయువారికి, సైకిలు దుకాణము వారికి, వ్యవసాయ పనిముట్లు బాగుచేయు కమ్మరులకు ఇది ఉపయోగపడునట్టి యంత్రము.

అయితే, దీనిని కొన్నవారికి తొలిదినములలోనే ఒక నిరాశ ఎదురగుట కలదు. పైరుకు నీరు కావలసిన దినములలో రైతు అరిగిన పంపు బుష్షును తెచ్చి ఇచ్చును. పనివాడు కొత్త ఇత్తడి ముక్కను చక్కులో పట్టి లోపలి బెజ్జమును కోయబూనును. టూలు కిచకిచలాడును. లోపలి తలము గరుకుగా వచ్చును. కొలత ఒకచోట ఒక విధముగాను, మరియొకచోట మరియొక విధముగాను ఉండును. అట్టి బుష్షును బిగించినచో షాఫ్టు త్వరలోనే అరిగిపోవును. మరుసటిసారి ఆ రైతు పట్టణమునకే పోవును. కొన్నాళ్లకు ఆ లేతుపై గోనెపట్టా కప్పబడును. ఇందు లోపము తరచుగా యంత్రమునందు గాక టూలును పట్టిన తీరునందే యుండును. ఆ తీరును మార్చుకొనుట పనివాని చేతిలోని పని.

కర్ర తరిమెనకును, ఇనుప లేతునకును గల భేదము

మన దేశమున తరిమెన పట్టుట క్రొత్త విద్య కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున గల ఏటికొప్పాక గ్రామమున అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుచున్న కర్రపైననే లక్కను అద్ది బొమ్మలు చేయుదురు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అచ్చటి పనివాడు ఉలిని చేతితోనే పట్టుకొని, ఒక ఆనికపై ఆన్చి కోయును. కర్ర మెత్తనిది, కాబట్టి చేతి బలము చాలును. ఉలి కొంచెము కదలినను చేయి తిరిగినవాడు వెంటనే దిద్దుకొనగలడు.

ఇనుము అట్టిది కాదు. దానిని కోయునపుడు టూలు మొనపై పడు ఒత్తిడి మిక్కిలి హెచ్చుగా ఉండును. 1800 ప్రాంతమున ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే అను యంత్రకారుడు, మరతో నడచెడి ఉక్కు స్లైడుపై టూలును బిగించి, ఒకే విధమైన మరలను మరల మరల కోయగల లేతును నిర్మించెను. టూలు మనిషి చేతి నుండి యంత్రపు చేతికి మారుటయే నాటి గొప్ప మార్పు. కావున ఇనుప లేతున ‘చేయి’ అనదగినది టూలు పోస్టు, దానిలోని హోల్డరు. ఆ చేయి వణకినచో పని చెడును.

చిన్న లేతుతోబాటు సాధారణముగా నాలుగు వైపుల టూళ్లు బిగింపదగిన చదరపు టూలు పోస్టు వచ్చును. అది పనికిరానిది కాదు. కాని టూలు మార్చినప్పుడెల్ల అడుగున రేకు ముక్కలు పెట్టి ఎత్తు సరిచేయవలెను. లోపలి బెజ్జములు కోయు బోరింగు బారును అది దృఢముగా పట్టజాలదు. ఈ రెండు లోపములను తీర్చుటకే మనము హోల్డర్లను చేయబోవుచున్నాము. అంతకుముందు రెండు సూత్రములు తెలిసికొనవలెను.

మొదటి సూత్రము: మొన ఎత్తు

టూలు మొన సరిగా స్పిండిలు మధ్య ఎత్తుననే ఉండవలెను. మొన ఎక్కువ ఎత్తున ఉన్నచో కోయు అంచు తగులక, దాని క్రింది భాగము వస్తువును రాచుకొనును. తక్కువ ఎత్తున ఉన్నచో వస్తువు టూలుపైకి ఎక్కజూచును. సన్నని కడ్డీయైనచో వంగిపోవును. కడ్డీ చివరను చదును చేయునపుడు నడుమ చిన్న బొడిపె మిగిలినచో ఎత్తు సరిగా లేదని గ్రహింపవలెను.

ఈ దోషము సన్నని పనిలో ఎంత పెరుగునో ఒక లెక్క చూతము. టూలు మొన అర మి.మీ. దిగువగా ఉన్నదనుకొనుడు. 50 మి.మీ. వ్యాసము రావలసినచోట 50.01 వచ్చును. దీనిని పట్టించుకొననక్కరలేదు. కాని అదే అర మి.మీ. తేడాతో 6 మి.మీ. రావలసినచోట 6.08 వచ్చును. టూలు కోయు కోణము పెద్ద కడ్డీపై ఒక డిగ్రీకి కొంచెము మించి మారును. చిన్న కడ్డీపై తొమ్మిదిన్నర డిగ్రీలు మారును. చిన్న లేతుపై చేయు పనులలో ఎక్కువ భాగము సన్నని పనులే గనుక ఈ సూత్రమును ఉపేక్షింపరాదు.

ఎత్తును పరీక్షించుటకు సులభమైన ఉపాయము కలదు. చక్కులో గుండ్రని కడ్డీని పట్టవలెను. లేతు ఆగియుండగా, పలుచని ఉక్కు స్కేలును కడ్డీకిని, టూలు మొనకును నడుమ నిలువుగా ఉంచి, మెల్లగా టూలును ముందుకు జరిపి స్కేలు జారకుండునంత మాత్రమే నొక్కవలెను. స్కేలు నిట్టనిలువుగా నిలచినచో ఎత్తు సరిపోయినది. స్కేలు పైకొన మనవైపు వాలినచో మొన తక్కువ ఎత్తున ఉన్నది. ఆవలివైపు వాలినచో ఎక్కువ ఎత్తున ఉన్నది.

రెండవ సూత్రము: పొట్టిదనము, మందము

టూలు గాని, బోరింగు బారు గాని పట్టునుండి బయటకు ఎంత పొడుగుగా వచ్చిన అంత వంగును. ఈ వంపు పొడుగుతో సమానముగా పెరుగదు. పొడుగు రెండింతలైనచో అదే ఒత్తిడికి వంపు ఎనిమిదింతలగును. మందము విషయమున లెక్క ఇంకను గమనింపదగినది. గుండ్రని బారు వ్యాసము రెండింతలైనచో దాని బిగువు పదునారింతలగును. 8 మి.మీ. బారుకు బదులు 12 మి.మీ. బారును వాడినచో అది సుమారు ఐదింతలు బిగువుగా నిలుచును.

కావున వస్తువులో పట్టగలిగినంత లావు బారును, పని సాగగలిగినంత పొట్టిగా పట్టవలెను. పైన చెప్పిన బుష్షు విషయమున జరుగు పొరపాటు సామాన్యముగా ఇదియే. 20 మి.మీ. బెజ్జమునకు 12 మి.మీ. బారు పోగలిగియుండగా, టూలు పోస్టులో పట్టదు గనుక సన్నని బారుతో కోయబూనుదురు. అది స్ప్రింగువలె ఆడును.

మొదటి పని: బోరింగు బారునకు దిమ్మె

మొట్టమొదట చేయదగినది ఇదియే. ఏలన, దీనితో తక్కిన పనులన్నియు సులభమగును. కావలసినది ఒక మెత్తని ఉక్కు దిమ్మె. పాత ఇనుము అంగడిలో ఇట్టి ముక్కలు దొరకును. దీని అడుగు 60 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. నిడివి గలదిగా ఉండవలెను. ఎత్తును మీ లేతును బట్టి నిర్ణయింపవలెను. టూలు పోస్టును తీసివేసి, దాని అడుగునగల పైస్లైడు తలము నుండి స్పిండిలు మధ్య వరకు ఎంత ఎత్తు కలదో కొలచి, దానికి 18 మి.మీ. కలిపినచో దిమ్మె ఎత్తు వచ్చును.

దిమ్మెను నాలుగు దవడల చక్కులో పట్టి అడుగును, పైభాగమును చదును చేయవలెను. అడుగు తలము పైస్లైడుపై ఎక్కడను ఆడకుండ కూర్చుండవలెను. అవసరమైనచో ఆకురాయితో దిద్దవలెను. తరువాత టూలు పోస్టును బిగించు బోల్టు పట్టునట్లు, వెడల్పున ఒక అంచునుండి 20 మి.మీ. దూరమున నిలువు బెజ్జము వేయవలెను. ఈ అంచు మనవైపుననుండును. ఆవలి అంచునుండి 20 మి.మీ. దూరమున బారు బెజ్జము రావలెను. అప్పుడు రెండు బెజ్జముల నడుమ తగినంత లోహము మిగులును.

ఇక ముఖ్యమైన మర్మము. బారు బెజ్జమును బయట ఎక్కడనో కొలచి వేయరాదు. దిమ్మెను పైస్లైడుపై దాని స్థానమున పెట్టి, చక్కు ముఖమునకు ఆనించి చతురముగా నిలిపి, నట్టు బిగింపవలెను. పైస్లైడును బెడ్డుకు సమాంతరముగా ఉంచి, దాని స్లైడు సందులను బిగించుకొనవలెను. అటుపిమ్మట చక్కులోనే సెంటరు డ్రిల్లును పట్టి, క్రాస్ స్లైడును తిప్పి, గుర్తు ఎదుటికి తెచ్చి, క్రాస్ స్లైడు కదలకుండ బిగించి, క్యారేజీని చేతితో మెల్లగా చక్కు వైపునకు నడుపవలెను. అనగా డ్రిల్లు తిరుగును, దిమ్మె ముందుకు పోవును. ఇట్లు వేసిన బెజ్జము ఆ లేతు స్పిండిలుకు సరిగా సమమైన ఎత్తున పడితీరును. కొలతతో పనిలేదు; లేతు తన ఎత్తును తానే గుర్తుపెట్టుకొన్నదన్నమాట.

మొదట సెంటరు డ్రిల్లు, తరువాత 6 మి.మీ., 9 మి.మీ., చివరకు 12 మి.మీ. డ్రిల్లులు వరుసగా వాడవలెను. ఒక్కసారిగా పెద్ద డ్రిల్లు వాడినచో చిన్న మోటారు ఆగిపోవును. దిమ్మె కూడ బోల్టు చుట్టును తిరుగజూచును. మెత్తని ఉక్కునకు మామూలు హైస్పీడు టూళ్లతో నిమిషమునకు ఎన్ని చుట్లు తిప్పవలెనో తెలియుటకు 8,000ని వ్యాసపు మి.మీ.లతో భాగింపవలెను. 20 మి.మీ. కడ్డీకి 400 చుట్లు వచ్చును. డ్రిల్లునకు లెక్కలో వచ్చినదాని కంటె తగ్గించి తిప్పుట మేలు. నూనె పోయుచుండవలెను.

బెజ్జము పూర్తియైన పిమ్మట దిమ్మెను తీసి, ఆవలి అంచునుండి 7 మి.మీ. దూరమున పైనుండి క్రిందికి రెండు 5 మి.మీ. బెజ్జములు వేయవలెను. తరువాత అదే అంచునుండి బారు బెజ్జము వరకు హాక్‌సా రంపముతో నిడివి పొడవునను అడ్డముగా చీల్చవలెను. చీలిక క్రింది భాగమున 6 మి.మీ. టాపు వేసి, పై భాగపు బెజ్జములను ఆరున్నర మి.మీ.కు పెంచవలెను. వీనిలో రెండు అలెను మరలను బిగించినచో చీలిక మూసికొని, బారును నిడివి పొడవునను కౌగిలించినట్లు పట్టును. ఒక మర మొన మాత్రమే గుచ్చుకొను పట్టునకును దీనికిని ఎంతో తేడా కలదు.

బారును 12 మి.మీ. కడ్డీతో చేయవచ్చును. కొనకు దగ్గరగా అడ్డముగా 5 మి.మీ. బెజ్జము వేసి, కొననుండి ఒక చిన్న బిగింపు మరను అమర్చవలెను. అడ్డ బెజ్జములో పట్టెడి హైస్పీడు ఉక్కు ముక్కను సానపట్టి, దాని పైతలమును సగము వరకు తీసివేసినచో కోయు అంచు బారు మధ్య ఎత్తునకు వచ్చును. విరిగిన సెంటరు డ్రిల్లు ముక్కయు ఇందులకు పనికివచ్చును.

రెండవ పని: స్తంభము, దానిపై జారెడి పట్టులు

రేకు ముక్కల బాధ వదలుటకు ఇది మార్గము. ప్రతి టూలునకు ఒక పట్టు ఉండవలెను. ఆ పట్టునకు తన ఎత్తును తాను నిలుపుకొను ఏర్పాటు ఉండవలెను. ఒకసారి సరిచేసిన తరువాత టూలు మార్చుట నిమిషము పని.

మొదట 50 మి.మీ. కడ్డీ నుండి స్తంభమును తరిమెన పట్టవలెను. అడుగున 8 మి.మీ. మందము గల వెడల్పు పీఠమును అట్లే ఉంచి, పైభాగమును 25 మి.మీ. వ్యాసమునకు తీయవలెను. టూలు పోస్టు బోల్టు పోవునట్లు నడుమ బెజ్జము వేయవలెను. పీఠపు అడుగును, బెజ్జమును, స్తంభపు పైతలమును వీలైనంతవరకు ఒకే పట్టులో చేసినచో అన్నియు ఒకే అక్షముపై వచ్చును. చక్కు నుండి వస్తువును తీసి తిరిగి పట్టిన ప్రతిసారి కొంత తేడా వచ్చునని ఎల్లప్పుడును గుర్తుంచుకొనవలెను.

ఇక పట్టులు. ఒక్కొక్క పట్టునకు ఒక్కొక్క దిమ్మె. దానిని నాలుగు దవడల చక్కులో పట్టి, డ్రిల్లు వేసి, టెయిలుస్టాకు డ్రిల్లు ఆగినచోటి నుండి బోరింగు బారుతో 25 మి.మీ. వరకు తీయవలెను. ఇక్కడ మొదటి పని రెండవ పనికి ఉపకరించుచున్నది. బెజ్జము స్తంభముపై ఆటలేక జారవలెను. ఒక ప్రక్కనుండి బెజ్జము వరకు చీల్చి, 8 మి.మీ. అలెను మరతో బిగించునట్లు చేయవలెను. దీని టాపునకు 6.8 మి.మీ. డ్రిల్లు కావలెను. రెండవ ప్రక్కన 8 మి.మీ. టూలు పట్టునట్లు ఎనిమిదిన్నర మి.మీ. గాడి తీయవలెను. మిల్లింగు సౌకర్యము లేనివారు రంపముతో రెండు కోతలు కోసి, నడిమి లోహమును తీసి, ఆకురాయితో చదును చేయవచ్చును. గాడి అడుగు చదునుగా ఉండుటయే ముఖ్యము. పైనుండి రెండు 6 మి.మీ. మరలు టూలును నొక్కియుంచును.

ఎత్తు నిలుపుటకు బెజ్జము ప్రక్కననే, స్తంభపు మధ్య నుండి 18 మి.మీ. దూరమున, నిలువుగా 6 మి.మీ. టాపు వేసి పొడుగాటి మరను దించవలెను. దాని కొన క్రింద పీఠముపై ఆనును. మరను త్రిప్పినచో పట్టు పైకిని క్రిందికిని జరుగును. స్కేలుతో ఎత్తు సరిచూచిన పిమ్మట పైనున్న నట్టును బిగించినచో ఆ ఎత్తు స్థిరమగును. తరువాత పట్టును తీసి బల్లపై పెట్టినను, మరల పెట్టినప్పుడు అదే ఎత్తున నిలుచును.

ఇట్టి పట్టులు మొదట మూడు చేసికొన్నచో చాలును. ఒకటి పైతలము తీయు టూలునకు. ఒకటి కొనలు చదును చేయు టూలునకు. ఒకటి ముక్కలుగా తెగకోయు పలుచని పార్టింగు బ్లేడునకు. పార్టింగు బ్లేడు విషయమున మాత్రము గాడి నిట్టనిలువుగాను, స్పిండిలుకు చతురముగాను ఉన్నదో లేదో రెండుమారులు చూడవలెను. బ్లేడు ఏ మాత్రము ఏటవాలుగా ఉన్నను చీలికలో ఇరుకుకొని విరుగును. చిన్న లేతులపై విరుగు టూళ్లలో ఇది ముఖ్యమైనది.

మూడవ పని: డై పట్టు

పంపు స్టడ్డులకు, బిగింపు కడ్డీలకు మర వేయుట గ్రామములలో నిత్యావసరమైన పని. వైసులో కడ్డీని పట్టి చేతితో డై త్రిప్పినచో మర తరచు వంకరగా వచ్చును. నట్టు ఒకవైపే ఆనును. లేతుపై డై పట్టును వాడినచో మర తిన్నగా వచ్చును.

దీనికి 12 మి.మీ. నున్నని కడ్డీ ఒకటి, 40 మి.మీ. కడ్డీ ముక్క ఒకటి కావలెను. పెద్ద ముక్కను చక్కులో పట్టి నడుమ 12 మి.మీ. బెజ్జమును, ముందు భాగమున డై కూర్చుండు గూడును ఒకే పట్టులో తీయవలెను. ఇట్లయిననే రెండును ఒకే మధ్యకు వచ్చును. గూడు కొలతను అంకెలను నమ్మి కాక, మీ డైనే కొలచి నిర్ణయింపవలెను. డై చేతితో నొక్కిన దిగవలెను గాని ఆడరాదు. ప్రక్కనుండి మూడు చిన్న బిగింపు మరలు డైని పట్టియుంచును. మరియొక ప్రక్కన పిడిగా ఒక కడ్డీని మరతో బిగింపవలెను.

సన్నని కడ్డీని టెయిలుస్టాకు డ్రిల్లు చక్కులో పట్టి, పెద్ద ముక్కను దానిపై జారునట్లు తొడుగవలెను. మర వేయవలసిన కడ్డీ స్పిండిలు చక్కులో ఉండును. దాని కొనను కొంచెము వాలుగా తీసి, నూనె రాచి, డైని ఆనించవలెను. పిమ్మట మోటారుతో కాక చేతితో చక్కును త్రిప్పుచు, రెండవ చేతితో పిడిని ఆపియుంచవలెను. డై తనంతట తాను ముందుకు జారుచు మరను కోయును. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనుకకు త్రిప్పినచో తురుము తెగి పడిపోవును.

చేతితో త్రిప్పు పనికి స్పిండిలు వెనుక బెజ్జములో వ్యాకోచించి పట్టెడి పిడి ఒకటి చేసికొనవచ్చును. ఈ రకపు లేతుల స్పిండిలు బెజ్జము సాధారణముగా 20 మి.మీ. ఉండును. ఆ లావు కడ్డీ కొనను రంపముతో చీల్చి, లోపలికి వాలుగానున్న ముక్కను పొడుగాటి బోల్టుతో లాగినచో చీలిన కొన విచ్చుకొని స్పిండిలును గట్టిగా పట్టును. వెలుపలి కొనకు పిడి అమర్చవలెను. ఈ పిడి తగిలించియుండగా మోటారు నడచినచో గొప్ప ప్రమాదము జరుగును. కావున పిడి పెట్టుటకు ముందే ప్లగ్గును గోడ నుండి ఊడదీసి, కంటికి కనబడునట్లు బల్లపై పెట్టవలెను. ఇది ఎన్నడును మీరరాని నియమము.

తప్పక పాటింపవలసిన జాగ్రత్తలు

చిన్న లేతు ఆటవస్తువు కాదు. చిన్న చక్కు కూడ తిరుగునపుడు వ్రేలిని విరువగలదు.

1. చక్కు తాళమును చక్కులో విడువరాదు. చేయి తాళముపైనుండి తీసిన వెంటనే తాళమును చక్కు నుండి తీయవలెను.

2. కండువా, పంచె కొంగు, చీర చెంగు, పొడుగు చేతుల చొక్కా, విరియబోసికొన్న జుట్టు చక్కులో చిక్కుకొనును. ఉంగరము, కడియము తీసివేయవలెను. తిరుగుచున్న లేతు దగ్గర చేతి తొడుగులు ధరింపరాదు.

3. కంటి అద్దములు లేక పని మొదలు పెట్టరాదు. ఇత్తడి తురుము సూదులవలె ఎగురును.

4. తురుమును చేతితో తీయరాదు. లేతు ఆపి, బ్రష్షుతో గాని కొక్కెముతో గాని తీయవలెను.

5. లేతునకు ఎర్తు తీగ సరిగా ఉన్నదో లేదో చూపించుకొనవలెను. తడి నేలపై నిలబడి పని చేయరాదు.

6. క్రొత్తగా చేసిన పట్టును మొదటిసారి వాడునపుడు, మోటారు వేయుటకు ముందు చక్కును చేతితో ఒక పూర్తి చుట్టు త్రిప్పి, దవడలు పట్టునకు తగులుట లేదని నిశ్చయించుకొనవలెను.

ముగింపు

పై మూడు పనులను ఇచ్చిన వరుసలోనే చేయవలెనని మా సూచన. దిమ్మె లేనిదే స్తంభపు పట్టులకు బెజ్జము బాగుగా రాదు. పట్టులు లేనిదే డై పట్టు పని ఆలస్యమగును. లోహము ఎక్కువ అక్కరలేదు. పాత ఇనుపముక్కలు, కొన్ని అలెను మరలు, ఓపిక గల చేయి చాలును. టర్నరు, ఫిట్టరు విద్యలను పారిశ్రామిక శిక్షణ సంస్థలలో నేర్చి గ్రామమునకు తిరిగివచ్చిన యువకులకు ఇది తగిన అభ్యాసము. అట్టివారు ఉన్న ఊళ్లలో కమ్మరులును వారును కలసి చేసినచో ఒకరి చేతి నేర్పు, ఒకరి కొలత నేర్పు జతపడును.

అంగడిలో కొన్న హోల్డరు అందరి లేతులకును అని చేయబడినది. మన లేతు ఎత్తును ఎరిగి, మన పనిని ఎరిగి మనము చేసికొన్నది మనకే సరిపోవును. అంతకంటె మేలైనది మరియొకటి కలదు. పట్టులు చేసికొన్నవానికి తన యంత్రము ఎచ్చట వంగునో, ఎచ్చట బిగువుగా నిలుచునో తెలియును. ఆ తెలివి ఉన్నవాడు రైతు తెచ్చిన బుష్షును చూచి, ఏ బారు వాడవలెనో, ఎంత లోతు కోయవలెనో ముందే చెప్పగలడు. నీరు కావలసిన దినమున పంపు ఊరిలోనే బాగుపడును, పైరు నిలుచును, పని కూలియు ఊరిలోనే నిలుచును.

అభ్యాసము

1. మీ లేతుపై పైస్లైడు తలము నుండి స్పిండిలు మధ్యకు గల ఎత్తును కొలచి, గోడపై వ్రాసియుంచుడు.

2. ఇప్పుడు వాడుచున్న ప్రతి టూలు ఎత్తును స్కేలుతో పరీక్షించి, ఏది తక్కువ, ఏది ఎక్కువ అని గుర్తింపుడు.

3. ఒకే ఇత్తడి ముక్కలో, ఒకే లోతు కోతతో, మొదట సన్నని బారుతోను, తరువాత దిమ్మెలో పట్టిన 12 మి.మీ. బారుతోను బెజ్జము కోసి, రెండు తలములను వ్రేలితో తడిమి చూడుడు. ఈ పాఠము చెప్పినదంతయు ఆ వ్రేలికి తెలియును.